శుక్రవారం అందని నోటీసు

అక్టోబరు 30, సోమవారం

కొత్త సైబర్ భద్రతా చట్టం ఈ రోజు నుంచి అమలులోకి వచ్చింది. ఆ చట్టం కింద మా సంస్థ బాధ్యతాధికారిగా నా పేరు నమోదయింది. పేరు పక్కన డిగ్రీ కూడా అచ్చువేశారు. అది ముప్పై తొమ్మిదో ఏట రాత్రి కళాశాలలో సంపాదించిన డిగ్రీ అని ఆ అచ్చు చూసేవాళ్ళకు తెలియనక్కర్లేదు.

ఉదయం సిబ్బందిని కూర్చోబెట్టి పది నిమిషాలు ప్రసంగించాను. "మనం సైట్లకు పేర్లు నమోదు చేసి ఇచ్చే సంస్థ. ఒక పేరు మీద మోసం జరుగుతున్నదని ఫిర్యాదు వస్తే ఆ పేరును ఆపే అధికారం మన ఫిర్యాదుల బల్లది. పేరు ఆగితే సైటు ఎక్కడ దాగి ఉన్నా ఎవరికీ కనబడదు. ఇంత పెద్ద అధికారం ఇన్నేళ్ళుగా సంతలో కేకల మీద నడిచినట్టు ఫోను మీద నడిచింది. ఇక నడవదు" అని చెప్పాను. ఎవరూ ఆవలించలేదు.

విధివిధానాల పుస్తకం పద్నాలుగు పేజీలు. ప్రతి అక్షరమూ నాదే. మొదటి నియమం: ఫోను ద్వారా వచ్చిన సమాచారాన్ని నోటీసుగా పరిగణించరాదు. ఫిర్యాదు నిర్ణీత ఫారంలో, ఫిర్యాదు చేసే సంస్థ అధీకృత సంతకంతో రావలెను. అందిన డెబ్బై రెండు గంటలలో చర్య తీసుకొనవలెను. మేనేజరు పేజీలు గలగలా తిప్పి, "బాబోయ్, దీన్ని చదవడానికి ఇంకో డిగ్రీ కావాలండీ" అని నవ్వి సంతకం చేశాడు. చదవలేదు.

సాయంత్రం మా శ్రీమతికి మొదటి నియమం వినిపించాను. ఆవిడ కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీస్తుంది, ఇంటికి వచ్చేసరికి చేతి వేళ్ళు తెల్లగా ఉంటాయి.

"అయితే ఇల్లు అంటుకుందని ఎవరైనా ఫోన్ చేస్తే?" అంది.

"అది అగ్నిమాపక శాఖ పరిధి."

చాలాసేపు నవ్వింది. నేను హాస్యమాడలేదు.

నవంబరు 3, శుక్రవారం

సాయంత్రం నాలుగూ నలభైకి అవతలి డెస్కు ఆవిడ ఫోను చేసింది.

ఆవిడది సైట్లను తమ యంత్రాల మీద ఉంచే సంస్థ. అక్కడ ఆవిడదీ నా వంటి ఫిర్యాదుల బల్లే. పదకొండేళ్ళుగా ఫోనులో తప్ప ఎరగను. పుస్తకంలా మాట్లాడతానని నన్ను మాస్టారూ అంటుంది. "ఒకటి చూడండి మాస్టారూ" అని మొదలుపెట్టి సైటు పేరు అక్షరం అక్షరం చెబుతుంది. ఆవిడ చివరి అక్షరం చెప్పేలోపు నేను పేరు ఆపేసేవాణ్ణి. కొన్ని వందల పేర్లు. ఒక్కటి తప్పలేదు. అది గతం.

"ఒకటి చూడండి మాస్టారూ. మందుల షాపు. అసలు షాపు సైటుని అచ్చుగుద్దినట్టు దించేశారు. మూర్ఛకి వేసుకునే మాత్రలు అమ్ముతున్నారు. డబ్బా అసలుదే అనిపిస్తుంది, లోపల సుద్ద. ల్యాబు వాళ్ళు చెప్పారు. పొద్దున మా మెషీన్ల మీంచి పీకేశాను, మధ్యాహ్నానికి ఇంకో దేశంలో తేలింది. నేను పీకడం, వాళ్ళు పెట్టడం, పొద్దస్తమానం ఇదే ఆట. పేరు మీ దగ్గరిది. మీరు ఆపితేనే ఆగుతుంది."

"ఫారంలో పంపండమ్మా."

"పంపుతాలెండి. ముందు ఆపండి."

"ఫారం అందిన తరువాతనే చర్య. సోమవారం నుంచి ఇదే విధానం."

నవ్వింది. "భలేవారే. నేనండీ మాస్టారూ, నేను."

"తమరెవరో నాకు తెలుసు. విధానం మనుషులను బట్టి మారదు."

"మా దగ్గర సంతకం పెట్టాల్సినాయన సెలవులో ఉన్నాడు. సోమవారం గానీ రాడు. ఈలోగా ఎంతమంది కొంటారో."

"అయితే సోమవారమే పంపండి."

"సరేనండి" అంది. మాస్టారూ అనలేదు.

టీ తాగి బల్ల సర్దాను. ఈ ఫోను సంగతి రిజిస్టరులో రాయలేదు. నోటీసు కానిదానిని రిజిస్టరులో చేర్చరాదని నాలుగో పేజీలో ఉన్నది.

నవంబరు 4, శనివారం

సెలవు. పుస్తకాల అర దులిపాను. పది గంటలకు ఆ సైటు తెరిచి చూశాను. ఉన్నది. చాలా శుభ్రంగా ఉన్నది.

సాయంత్రం మళ్ళీ చూశాను.

నవంబరు 6, సోమవారం

ఉదయం పది గంటల పన్నెండు నిమిషాలకు ఫారం అందినది. సంతకం సరిపోయినది. పది గంటల పందొమ్మిది నిమిషాలకు పేరు ఆపాను. రెండు సమయాలూ రిజిస్టరులో ఉన్నవి.

మేనేజరు నా బల్ల దగ్గరికే వచ్చాడు. "డెబ్బై రెండు గంటలిస్తే ఏడు నిమిషాల్లో కొట్టారా? దీన్ని నివేదికలో మొదటి పేజీలో పెట్టాలండీ." అందరూ వింటుండగా అన్నాడు.

అవతలి డెస్కుకు "చర్య పూర్తయినది" అని రాశాను. జవాబు లేదు.

నవంబరు 10, శుక్రవారం

ఈ వారం ఫోను మోగలేదు. బల్ల ప్రశాంతంగా ఉన్నది. నేను కోరుకున్నది ఇదే.

నవంబరు 17, శుక్రవారం

పర్యవేక్షణ సంస్థ నుంచి ఉత్తరం వచ్చినది.

పాలిటెక్నిక్ మొదటి సంవత్సరం చదివే అమ్మాయి. పందొమ్మిదేళ్ళు. చిన్నప్పటి నుంచి మూర్ఛ ఉన్నది, మాత్రలతో ఎనిమిదేళ్ళుగా రాలేదు. వాడుక దుకాణంలో మాత్రలు అయిపోతే తండ్రి ఫోనులో ఆర్డరు పెట్టాడు. ఎనిమిదో తేదీన మాత్రలు చేరినవి. అయిదు రోజులు వేసుకున్నది. పదమూడో తేదీన కళాశాల మెట్ల మీద మూర్ఛ వచ్చి పడిపోయినది. తలకు దెబ్బ. తెలివి రాలేదు. ఆసుపత్రివారు మిగిలిన మాత్రలు పరీక్షించగా సుద్ద అని తేలినది.

ఆర్డరు పెట్టినది నవంబరు 4, శనివారం, ఉదయం పదకొండు గంటల అయిదు నిమిషాలకు.

సమాధానం నేనే తయారుచేశాను. "సదరు పేరుపై మాకు నోటీసు అందినది 6వ తేదీ ఉదయం 10.12కు. చర్య తీసుకొన్నది 10.19కు. ఆర్డరు తేదీ నాటికి మాకు ఎటువంటి నోటీసూ అందియుండలేదు." మూడుసార్లు చదివాను. ప్రతి వాక్యమూ నిజం.

నవంబరు 18, శనివారం

శుక్రవారం నాకు నోటీసు అందలేదు.

నవంబరు 19, ఆదివారం

అందలేదు. ఫోను వచ్చింది. ఫోను నోటీసు కాదు.

అవతలి డెస్కు ఆవిడ విషయం కూడా ఆలోచించాలి. వాళ్ళ సంస్థలోనూ ఫోను నిషేధమే. ఫోను చేసినట్టు బయటపడితే ఆవిడ ఉద్యోగం పోతుంది. నేను మౌనంగా ఉండడం ఆవిడ కోసం కూడా.

నవంబరు 20, సోమవారం

అమ్మాయి తండ్రి మా కార్యాలయానికి వచ్చాడు.

కింది అంతస్తులో కుర్చీలో గంటన్నరసేపు కూర్చున్నాడట. ఎవరిని కలవాలని అడిగితే "ఆ సైటు ఆపినాయన్ని" అన్నాడట. నన్ను పిలిచారు. నా వయసు మనిషే. చొక్కా జేబు మీద ఒక లిఫ్టుల సంస్థ గుర్తు కుట్టి ఉన్నది. నేను రాగానే లేచి నిలబడ్డాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"నేను గొడవకి రాలేదు సార్. ఏడు నిమిషాల్లో ఆపేశారంట, విచారణ వాళ్ళు చెప్పారు. మీలాంటోళ్ళు ఉండబట్టే ఇంకా కొంతమంది పిల్లలు బతికారు."

కుర్చీ మళ్ళీ ఆయన వైపు జరిపాను.

"ఒక్కటే అడుగుదామని. శనివారం పొద్దుటికి అది దొంగ సైటని లోకంలో ఎవరికైనా తెలుసా సార్?"

"మా రికార్డుల ప్రకారం సోమవారం ఉదయం పది గంటల పన్నెండు నిమిషాలకు మాకు నోటీసు అందినది."

"అంటే శనివారానికి ఎవరికీ తెలీదు."

"రికార్డుల ప్రకారం."

తల ఊపాడు. "మరి నేనే చూసుకోవాల్సింది. డబ్బా మీద అక్షరాలు కొంచెం పల్చగా ఉన్నాయి సార్. చూశాను కూడా. చూసి, అచ్చు మార్చారేమోలే అనుకున్నాను. నా చేత్తోనే రోజూ రాత్రి ఒకటి ఇచ్చేవాణ్ణి, అది మర్చిపోతుందని."

మంచినీళ్ళు తెప్పించాను. తాగలేదు, గ్లాసు పట్టుకుని నిలబడ్డాడు.

"మా పని తెలుసు కదా సార్, లిఫ్టులు బాగుచెయ్యడం. ఎవరో లోపల ఇరుక్కుంటారు, బెల్లు కొడతారు. బెల్లు విన్నాక ఎంతసేపట్లో పోయామన్నదే మా బతుకు. ఇరవై రెండేళ్ళలో ఒక్క బెల్లు వదల్లేదు నేను. నా పిల్ల దగ్గరికొచ్చేసరికి బెల్లు కూడా మోగలేదు."

నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు. గ్లాసు కిటికీ గట్టు మీద పెట్టి వెళ్ళాడు. నిండుగా ఉన్నది.

నవంబరు 21, మంగళవారం

ఉదయం టిఫిను దగ్గర మా శ్రీమతి అడిగింది. "నాలుగు రోజుల్నుంచి గోడలతో మాట్లాడుతున్నారు. ఆ గోడలకి చెప్పేది నాకు చెప్పొచ్చుగా."

చెప్పాను. వరుసక్రమంలో, సమయాలతో సహా చెప్పాను. మధ్యలో ఎక్కడా ఆపలేదు. చివరికి ఒకటే అడిగింది.

"ఆ రోజు ఫోన్ పెట్టేశాక ఏం చేశారు?"

"టీ తాగాను."

ఆవిడ లేచి నా ముందున్న పళ్ళెం తీసేసింది. నేను ఇంకా తినడం పూర్తికాలేదు.

ఇంకొక సంగతి ఇక్కడ రాయాలి. ఈ డైరీ నేను తప్ప ఎవరూ చదవరు కాబట్టి రాయాలి. చట్టంలో ఇరవై మూడో సెక్షను, నాలుగో భాగం: "ప్రాణహాని కలిగే అవకాశమున్నచో, సమాచారము ఏ రూపమున అందినను, సంస్థ తక్షణమే చర్య తీసుకొనవలెను." ఏ రూపమున అందినను. సంస్థలో చట్టం పూర్తిగా చదివినవాణ్ణి నేనొక్కణ్ణే. ఆ వాక్యం కింద ఎర్ర గీత గీసినవాణ్ణీ నేనే. విధివిధానాల పద్నాలుగు పేజీలలో ఆ వాక్యం లేదు.

స్థలం చాలక వదిలేశానని రాయబోయాను. పదిహేనో పేజీ ఎవరూ వద్దనలేదు.

ఆ వాక్యం ఉంటే మళ్ళీ ఫోను వస్తుంది. ఫోను వస్తే మళ్ళీ నేను ఎవరో చెప్పగానే పరుగెత్తే మనిషినవుతాను. ఆఫీసు అటెండరుగా పద్దెనిమిదేళ్ళు బెల్లు వినగానే లేచినవాణ్ణి. నా బల్ల దగ్గరికి ఇక కాగితం నడిచి రావాలనుకున్నాను. అంతే. అంతకు మించి కారణం వెతికాను. దొరకలేదు.

నవంబరు 22, బుధవారం

అవతలి డెస్కు ఆవిడ ఫోను చేసింది. బల్ల ఫోనుకు కాదు, నా సొంత ఫోనుకు.

"ఎల్లుండి మిమ్మల్ని విచారణకి పిలిచారట కదా."

"అవునమ్మా. తమరి పేరు ఎక్కడా రానివ్వను. ఆ విషయంలో తమరు నిశ్చింతగా ఉండవచ్చు."

"నా పేరు రావడమేంటండీ. నేను నిన్ననే వాళ్ళ దగ్గర చెప్పేసొచ్చాను. శుక్రవారం ఫోన్ చేశాననీ, మీరు ఫారం అడిగారనీ."

ఫోను రెండో చెవికి మార్చుకున్నాను.

"మీ మీద కోపంతో కాదు మాస్టారూ. నా మీద కోపం. మీరు కాదన్నాక ఇంకోసారి చెయ్యాల్సింది. శనివారం మీ సొంత నంబరుకి చేసి తిట్టాల్సింది. పదకొండేళ్ళ చనువు కదా, మీకు చేతకానిదాన్ని నేనన్నా చెయ్యాల్సింది. నాకూ అవమానమనిపించింది. ఫారం కావాలా, తీసుకోండి ఫారం, అనుకున్నాను. సోమవారం దాకా చేతులు కట్టుకు కూర్చున్నాను."

"తమరి ఉద్యోగం?"

"మీరూ ఉన్నదున్నట్టు చెబితే ఏం కాదు. ఇద్దరి మాటా ఒకటే అవుతుంది. మీరు చెబుతారుగా?"

చెబుతానన్నాను.

నవంబరు 23, గురువారం

మేనేజరు గదిలో మా సంస్థ లాయరమ్మ కూర్చుని ఉన్నది. తలుపు వేశారు.

"ఆ రోజు కాల్ వచ్చినట్టు ఫోన్ కంపెనీ దగ్గర ఉంటుంది, రెండు నిమిషాల పదకొండు సెకన్లు. దాన్ని కాదనకండి," అంది లాయరమ్మ. "ఏం మాట్లాడుకున్నారో ఎక్కడా రికార్డు లేదు. రోజుకి పాతిక కాల్సొస్తాయి, గుర్తులేదనండి. అబద్ధం చెప్పమనట్లేదు నేను. మనిషన్నాక మరుపుండదా?"

"ఆవిడ చెప్పింది కదా."

"ఆవిడ చెప్పింది ఒక్కరి మాట. మీరూ చెబితే ఇరవై మూడో సెక్షను మన మెడకి చుట్టుకుంటుంది. అది మీకు నేను చెప్పాలా? మీరే కదా మాకు చట్టం నేర్పింది."

మేనేజరు కిటికీలోంచి బయటికి చూస్తూ అన్నాడు. "ఈ ఆఫీసులో నలభై మంది ఉన్నారండీ. మీకంటే చిన్నవాళ్ళు. వాళ్ళ గురించి కూడా ఆలోచించండి. మీలాంటి చదువుకున్నవాళ్ళే అర్థం చేసుకోకపోతే ఎలా?"

చదువుకున్నవాళ్ళు అన్నాడు. ఆ మాట విన్నప్పుడు నాలో ఏదో మెత్తబడిన మాట వాస్తవం. ఇంత జరిగిన తరువాత కూడా.

నవంబరు 24, శుక్రవారం

విచారణాధికారి చిన్న వయసు మనిషి. మర్యాదగా అడిగాడు. "మూడో తేదీ సాయంత్రం అవతలి సంస్థ ఉద్యోగిని మీకు ఫోను చేసి ఈ సైటు గురించి హెచ్చరించారని చెబుతున్నారు. నిజమేనా?"

"ఫోను వచ్చి ఉండవచ్చు. సంభాషణ వివరాలు నాకు గుర్తు లేవు."

రాసుకున్నాడు. చదివి వినిపించాడు. సంతకం చేశాను. డిగ్రీతో సహా.

బస్సులో కూర్చున్నాక ఒక పాత సంగతి గుర్తుకు వచ్చినది. నాకు ఇరవై ఆరేళ్ళున్నప్పుడు, మొదటి ఉద్యోగంలో, ఒక పెద్ద అధికారి గది తాళం నా చేతికిచ్చి "ఆ పాత ఫైళ్ళన్నీ కాల్చేయ్" అన్నాడు. కాల్చాను. నెల తరువాత ఆ ఫైళ్ళు కావలసివచ్చినవి. నన్ను నిలబెట్టి ఆయనను అడిగారు. ఆయన నా ముఖంలోకి చూసి, "నేనలా చెప్పినట్టు గుర్తు లేదే" అన్నాడు. కోపంగా కూడా అనలేదు. నిజంగానే గుర్తు తెచ్చుకుంటున్నట్టు కనుబొమలు ముడిచి అన్నాడు. ఆ సాయంత్రమే నన్ను పంపించివేశారు. మాట మాటగానే పోతుందని, కాగితం ఒక్కటే మనిషిని కాపాడుతుందని ఆ రోజే నిశ్చయించుకున్నాను. అందుకే చదివాను. పగలంతా నిలబడి, రాత్రి బెంచీ మీద కూర్చుని తొమ్మిదేళ్ళు చదివాను.

ఈ రోజు నేనూ కనుబొమలు ముడిచాను. నాకు తెలుసు. ముడిచాను.

నవంబరు 25, శనివారం

అవతలి డెస్కు ఆవిడను ఉద్యోగం నుంచి తప్పించారు. సోమవారం దాకా ఫారం పంపని తమ ఆలస్యాన్ని కప్పిపుచ్చుకొనడానికి లేని హెచ్చరికను కల్పించినదని కారణం చూపారట. మేనేజరు ఇంటికి ఫోను చేసి చెప్పాడు. శుభవార్త చెప్పే గొంతుతో చెప్పాడు.

ఆవిడ నంబరుకు ఆరుసార్లు చేశాను. తీయలేదు.

మా శ్రీమతి వంటగది గడపలో నిలబడి విన్నది. "ఇప్పుడు ఎవరెవరు పడుతున్నారో లెక్కేసుకోండి," అంది. "ఆ పిల్ల మంచం మీద. ఆ తండ్రి తప్పంతా నాదేనని. ఆవిడ ఇంట్లో. మీకేమైంది? మీ చొక్కా మడత కూడా నలగలేదు."

ఆవిడ నాతో ఇలా ఎన్నడూ మాట్లాడలేదు. నేను జవాబు వెతికాను. నా దగ్గర ఇంకా ఏదో ఒక జవాబు ఉంటుందనే అనుకున్నాను.

నవంబరు 26, ఆదివారం

ఉదయం తొమ్మిదింటికి ఆసుపత్రికి వెళ్ళాను. ఏ ఆసుపత్రో ఉత్తరంలో ఉన్నది. ఎవరికీ చెప్పి వెళ్ళలేదు. దారి పొడవునా వాక్యాలు సిద్ధం చేసుకున్నాను.

రెండో అంతస్తులో, గది బయట బల్ల మీద అమ్మాయి తండ్రి కూర్చుని ఉన్నాడు. అదే చొక్కా. నన్ను చూసి లేచాడు.

"మీరా సార్. ఇంత దూరమొచ్చారా. నిన్న కళ్ళు తెరిచింది. చూస్తోంది. ఎవర్ని చూస్తోందో మాత్రం తెలీదు. డాక్టరు గారు టైము పడుతుందన్నారు."

సిద్ధం చేసుకున్న వాక్యాలలో ఒక్కటీ రాలేదు.

"నేను మీకు అబద్ధం చెప్పాను," అన్నాను. "శుక్రవారమే నాకు తెలుసు. ఒకావిడ ఫోన్ చేసి చెప్పింది. సుద్ద మాత్రలని కూడా చెప్పింది. ఆపమని అడిగింది. నేను కాయితం తెమ్మన్నాను."

ఆయన ముఖంలో ఏమీ మారలేదు. సరిగా వినలేదేమో అనుకున్నాను.

"శుక్రవారం ఎన్నింటికి?"

"నాలుగూ నలభైకి."

"ఆపడానికి ఎంతసేపు పడుతుంది?"

"నిమిషం."

"నేను పెట్టింది శనివారం పదకొండింటికి."

"అవును."

"అప్పటికి మీరు ఆపేసుంటే నా ఫోన్లో ఏమొచ్చేది?"

"ఏమీ వచ్చేది కాదు. సైటు తెరుచుకునేదే కాదు."

ఆయన తన అరచేతులు చూసుకున్నాడు. లిఫ్టుల గ్రీజు గోళ్ళ చుట్టూ నల్లగా ఉన్నది. "తెరుచుకోకపోతే," అన్నాడు నెమ్మదిగా, "బండేసుకుని ఊళ్ళో షాపులన్నీ తిరిగేవాణ్ణి. నాలుగు షాపులు తిరిగితే దొరికేవి. ఆ రోజు బద్ధకించాను. సెలవు కదా అని."

కొడతాడని అనుకున్నాను. కొడితే బాగుండునని కూడా అనుకున్నాను. ఆయన బల్ల మీద కూర్చుని, మళ్ళీ లేచి నా ఎదుట నిలబడ్డాడు.

"ఇది రాసిస్తారా?"

"రేపు ఉదయమే విచారణాధికారికి లిఖితపూర్వకంగా ఇస్తాను. ఆ రోజు నేను చేసిన సంతకం తప్పని..."

"వాళ్ళకి మీ ఇష్టం. నాకు కావాలి. ఇప్పుడు." తలుపు వైపు చూశాడు. "పదమూడు రోజులైంది మా ఆవిడ నాతో మాట్లాడి. తిట్టదు, ఏడవదు. అలా చూస్తుందంతే. ఆ డబ్బా మీద అక్షరాలు పల్చగా ఉన్నాయని నేనే చెప్పాను దానికి, చెప్పకుండా ఉండలేక. ఇప్పుడు పోయి ఇలాగట అంటే, తప్పించుకోడానికి కథలల్లుతున్నా అనుకుంటుంది. కాయితం మీద ఉంటే చదువుతుంది."

నర్సు దగ్గర ఒక తెల్ల కాగితం అడిగాను. కిటికీ గట్టు మీద పెట్టి రాయడం మొదలుపెట్టాను. "ఇందుమూలముగా తెలియజేయునదేమనగా" అన్నంతవరకు వచ్చేసరికి ఆయన నా భుజం మీదుగా చూసి ఆపాడు.

"మామూలుగా రాయండి సార్. అది ఎనిమిదో తరగతే చదివింది."

ఆ వరుస కొట్టివేశాను. మామూలుగా రాయడం నేను మానేసి చాలా ఏళ్ళయింది. చివరికి ఇలా రాశాను:

"అమ్మా, మీ ఆయన మాత్రలు ఆర్డరు పెట్టింది శనివారం. అవి సుద్ద అని నాకు శుక్రవారమే తెలుసు. ఆపడం నా పని. ఒక్క నిమిషం పని. ఆపలేదు. తప్పు ఆయనది కాదు, నాది."

సంతకం చేశాను. హోదా రాయలేదు, డిగ్రీ రాయలేదు. ఇంటి చిరునామా రాశాను.

ఆయన నిలబడే రెండుసార్లు చదివాడు. పెదవులు కదిలినవి. మడత పెట్టకుండా అలాగే పట్టుకున్నాడు.

"ఇంక మీరు వెళ్ళండి. మళ్ళీ రాకండి," అన్నాడు. తలుపు తోసుకుని లోపలికి వెళ్ళాడు.

వెళ్ళవలసినది, వెళ్ళలేదు. తలుపుకు లోపల కనబడేట్టు జానెడు గాజు అద్దం ఉన్నది. మంచం పక్కన కుర్చీలో ఆమె కూర్చుని, అమ్మాయి పాదం ఒడిలో పెట్టుకుని ఉన్నది. ఆయన వెళ్ళి కాగితం చాపాడు. ఆమె అందుకోలేదు. ఆయన అలాగే చాపి నిలబడ్డాడు. ఎంతసేపో చెప్పలేను, నేను గడియారం చూడలేదు. చివరికి ఆమె ఒక చేత్తో పాదం పట్టుకునే రెండో చేత్తో కాగితం తీసుకున్నది. ఒక్కొక్క మాటా కూడబలుక్కుంటూ చదివింది. కొట్టివేసిన వరుసను కూడా వదలలేదు.

తరువాత తల ఎత్తింది. ఆయనను కాదు. ఆయన పక్కనుంచి, అద్దం అవతల నిలబడి ఉన్న నన్ను చూసింది. ఇన్నాళ్ళూ ఆయన భరించిన ఆ చూపు ఏమిటో అప్పుడు తెలిసింది.

నేను కదలలేదు. ఆమె చూడడం ముగించేవరకు అక్కడే నిలబడ్డాను.